పాత పికప్పునకు ముఖము కూర్చుట

మోటారు బండికి ఇంజను ప్రాణమందురు. నిజమే. కాని ఎదురుగా వచ్చు బండిని మనము గుర్తుపట్టునది దాని ముఖమును చూచియే. రెండు మడ్‌గార్డులు, వాని నడుమ జాలి, పైన బానెట్టు, లోపల వీనినన్నిటిని నిలిపియుంచు రేడియేటరు చట్రము, ఇవియే ఆ ముఖము. రంగు వేయుటకై విప్పిన ఈ రేకులను తిరిగి కూర్చు పనిని గూర్చి నేడు ముచ్చటింతము.

ఉదాహరణకు, అమెరికాలో షెవర్లే కంపెనీ 1947 వేసవిలో విడుదల చేసి 1955 తొలినాళ్ళ వరకు తయారుచేసిన పికప్పును తీసికొందము. అరటన్ను బండికి 3100 అని పేరు. 1953 వరకు దాని జాలికి అడ్డముగా ఐదు పట్టీలుండెడివి. 1954లో ఆ రూపు మారినది. షెవర్లే యజమానులైన జనరల్ మోటార్సు వారు 1928 నుండి 1954 వరకు బొంబాయిలో బండ్లు కూర్చు కర్మాగారమును నడపిరి గనుక ఆ పేరు మన పెద్దలకు కొత్త కాదు. అమెరికాలో ఈ పికప్పులను వెదకి తెచ్చి, ఇంటి షెడ్డులోనే విప్పి బాగుచేసికొనువారు నేటికిని పెక్కుమంది కలరు.

విప్పుట ఒక పూట పని. కూర్చుటకు వారములు పట్టినను ఆశ్చర్యము లేదు. చాలమంది చిక్కులో పడునది ఒక్కచోటనే: ముందుభాగము గదా అని ముందునుండి మొదలుపెట్టుదురు. అట్లు చేయరాదు. మొదలు తలుపు దగ్గర. కాబిను రబ్బరు దిళ్ళపై కూర్చుండును. ఆ దిళ్ళు అణగిపోయినచో కాబిను ఒరగును, దానితో తక్కినవన్నియు ఒరగును. కనుక దిళ్ళు మార్చి, తలుపులు తగిలించి, వాని చుట్టు సందు సమముగా వచ్చువరకు కీళ్ళను సవరించి, ఆపై మాత్రమే మడ్‌గార్డు మాట తలపెట్టవలెను. తలుపు దగ్గర నూలుపోగంత తేడా ముక్కు దగ్గరకు వచ్చుసరికి వ్రేలెడగును.

రెండవ సంగతి, రేకులన్నియు తమతమ చోట్లకు చేరువరకు ఏ బోల్టును బిగించరాదు; వ్రేళ్ళతో త్రిప్పినంత చాలును. రంధ్రములు బోల్టుల కంటె పెద్దవిగా ఉండుట పనివాని అశ్రద్ధ కాదు, జరుపుకొనుటకై తయారీదారు బుద్ధిపూర్వకముగా విడిచిన చోటు. ఒక మడ్‌గార్డు చక్కగా కుదిరినదని సంతోషించి బిగించినచో, రెండవదానికి జరుగు చోటు మిగులదు.

తలుపునకు మడ్‌గార్డునకు నడుమ సందు పైన వెడల్పుగను, క్రింద ఇరుకుగను ఉన్నదనుకొనుడు. మడ్‌గార్డును సుత్తితో మందలించనక్కరలేదు. రేడియేటరు చట్రము క్రింద పలుచని బిళ్ళ యొకటి చేర్చి ముక్కును కొంచెము లేపుడు. మడ్‌గార్డు పైకొస వెనుకకు వాలి సందు సరిపడును. తీసివేసినచో దీనికి విరుద్ధముగా జరుగును. లోపము కనబడుచోటు ఒకటి, మందు వేయుచోటు వేరొకటి.

ఇదంతయు రంగు వేయకముందే ఒకమారు చేసి చూడవలెనని నా అభిప్రాయము. మార్కెట్టులో దొరకు కొత్త నకలు రేకుల రంధ్రములు పాతవానితో అన్నివేళల కలియవు. మెరయు రంగుపై ఆకురాయి ఆడించవలసి వచ్చినవాని బాధ చెప్పనలవి కాదు. రంగు వేసిన పిమ్మట, కరకర శబ్దము రాకుండ రేకుల నడుమ గుడ్డపట్టీని మరువకుండ పెట్టవలెను. మరియొక మాట: దీపములకు ఎర్తు ఈ రేకుల గుండనే అందును. కొత్త రంగు దానికి అడ్డుపడును. ఆరు వోల్టుల ఆ పాత బండ్లలో దీపము మిణుకుమిణుకు మనుటకు కారణము పెక్కుసార్లు ఇదియే. బోల్టు క్రింద రంగు గీకుటయో, వేరుగా ఒక తీగ లాగుటయో చేయవలెను.

చివరకు బానెట్టు. దీనికి ఇద్దరు మనుషులుండవలెను. కాబిను అంచులపై దళసరి గుడ్డ పరచుకొనవలెను. దీని కీళ్ళు వెనుకవైపున, గొళ్ళెము ముందువైపున ఉండును. అమరిక కుదురువరకు గొళ్ళెపు మేకును బిగించకుండుట మేలు. వంకరగా పడిన గొళ్ళెమును మూసిన బానెట్టు క్రిందనుండి విడిపించుట మహాకష్టము. అమరిక కుదిరిన పిదప మాత్రము గొళ్ళెమును ఉపేక్షించరాదు. అది సరిగా పడనిచో వేగముగా పోవునప్పుడు గాలి బానెట్టును పైకెత్తి అద్దముపై కొట్టును, తోలువానికి దారి కనబడదు. మెల్లగా పది పన్నెండుసార్లు మూసి తెరచి, చేతితో లాగి చూచి, ఆ మీదట కొలదిదూరము తోలి వచ్చి, బోల్టులన్నిటిని మరొకమారు బిగించవలెను.