ఛార్జి లిస్టులో లేని ఆస్తి

(పెన్షనర్ల దినోత్సవ సభలో యాడికి సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా నేను ఎన్నోసార్లు ఛార్జి ఇచ్చాను, పుచ్చుకున్నాను. బీరువా మొదలు ఇంకుబుడ్డి దాకా లిస్టు రాసి ఇద్దరం సంతకాలు చేసేవాళ్ళం. అంత జాగ్రత్తపరులమైన మనం ఒక ఆస్తి విషయంలో ఏమరుపాటు పడ్డాం.

మన సభ్యుల జాబితాను తాడిపత్రిలో ఒక డి.టి.పి. షాపులో టైపు చేయించేవాళ్ళం. ఆ షాపు చేతులు మారింది. కొన్నాళ్ళకు మన సభ్యుడొకరు కాలం చేశారు. కుటుంబ పెన్షన్ కోసం ఆయన భార్యకు పి.పి.ఓ. నెంబరు కావలసి వచ్చింది. ఇంట్లో కాగితం దొరకలేదు. నేను షాపుకు వెళ్ళాను. "ఫైలు ఉంది సార్, తెరిచే సాఫ్ట్‌వేరే లేదు. దాని లైసెన్సు పాతాయన పేరు మీద ఉంది, నాకు మారలేదు" అన్నాడు కొత్త యజమాని. ఆయన తప్పేమీ లేదు. ముందుగా అడగని తప్పు మనది. ఆ తల్లి మూడుసార్లు మా గడప తొక్కింది. చివరకు నా ట్రంకు పెట్టెలో పాత అచ్చు ప్రతి దొరికి పని జరిగింది.

సాఫ్ట్‌వేరు కొన్నామంటే సాధారణంగా దక్కేది సొంతం కాదు, షరతుల మీద వాడుకునే అనుమతి. కౌలు వంటిదన్నమాట. జి.పి.ఎల్. అనే లైసెన్సు వేరు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు. పంచేటప్పుడు అవే హక్కులు ఎదుటివారికీ ఇవ్వాలి. చేను అమ్ముడుపోయినా బాట హక్కు పోదు కదా!

దీనికి పెద్ద నిదర్శనం ఉంది. ఓపెన్ ఆఫీసును ఎందరో స్వచ్ఛందంగా కలిసి పెంచారు. దానిని నడిపిన సన్ కంపెనీని 2010లో ఒరాకిల్ కొన్నది. నమ్మకం చాలక అదే సంవత్సరం సెప్టెంబరులో చాలామంది బయటకు వచ్చి లిబ్రె ఆఫీసు ప్రారంభించారు. పేరు పాత ఇంటిలోనే ఉండిపోయింది, పనిముట్టు మాత్రం వారితో వచ్చింది. లైసెన్సు అనుమతించింది కనుకనే అది సాధ్యమైంది. నేడు దానిని తెలుగులోనూ వాడుకోవచ్చు.

మన లిపికీ అటువంటి దాతలున్నారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన ఫాంట్లను జి.పి.ఎల్. కింద ఇచ్చారు. పెద్దన, ధూర్జటి, తిమ్మన పేర్లతో వచ్చిన ఫాంట్లూ స్వేచ్ఛా లైసెన్సులోనే ఉన్నాయి. మా మనవడు మన జాబితాను యూనికోడులో మళ్ళీ టైపు చేసిపెట్టాడు.

కనుక కార్యవర్గానికి నా మనవి మూడు మాటలు. జాబితా ప్రతి ఎప్పుడూ సంఘం చేతిలో ఉండాలి. ఎవరి సాఫ్ట్‌వేరు లేకపోయినా తెరుచుకునే రూపంలో ఉండాలి. కార్యదర్శి మారినప్పుడు పాస్‌వర్డు, లైసెన్సు కాగితం కూడా ఛార్జి లిస్టులో ఎక్కాలి.

మనం ఉన్నా లేకున్నా, మన ఇంటి ఆడవారు ఒక నెంబరు కోసం తిరగకూడదు. సెలవు.