రైలు హోరులో అర్జున్ కేక

చాంద్రాయణగుట్ట గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడే కుర్రాళ్లకు ‘జెర్సీ’ అర్జున్‌ను పరిచయం చేయనక్కర్లేదు. 2019లో గౌతమ్ తిన్ననూరి తీసిన సినిమాలో నాని పోషించిన కల్పిత రంజీ ఆటగాడు, మన హైదరాబాదీ. ఇతని స్వభావం ఏ కోవలోది?

1921లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ మనసు చేసే పనులు నాలుగన్నాడు: ఆలోచన, అనుభూతి, ఇంద్రియజ్ఞానం, అంతర్దృష్టి. ఒక్కొక్కటీ లోపలికైనా తిరిగి ఉంటుంది, బయటికైనా.

అర్జున్‌లో లోపలికి తిరిగిన అనుభూతిదే పైచేయి. జట్టుకు ఎంపికయ్యాక రైల్వే స్టేషన్‌కు వెళ్లి, రైలు హోరులో ఒక్కడే గొంతు చించుకుని అరుస్తాడు. అంత సంతోషం పంచుకోవడానికి అతనికి మనిషి అక్కర్లేదు, చప్పుడు చాలు! కొడుకు అడిగిన 500 రూపాయల జెర్సీ లోకానికి చిన్న సంగతి, అతనికి మాత్రం ప్రాణం. బ్యాట్ పట్టాడా, బయటికి తిరిగిన ఇంద్రియజ్ఞానం మేల్కొంటుంది. ఎదురుగా వచ్చే బంతి తప్ప నిన్నా రేపూ ఉండవు. ఉద్యోగం, డబ్బు, వ్యవహారం అంటారా, అక్కడే చతికిలబడతాడు.

యూంగ్ సిద్ధాంతాన్ని పరీక్షగా మలిచిన కాథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్ స్వభావాలను పదహారు గళ్లలో సర్దారు; వాళ్ల లెక్కలో, లోపలి అనుభూతి, బయటి ఇంద్రియజ్ఞానం కలిసిన ఇతని గడి పేరు ఐఎస్ఎఫ్‌పీ. ఈ పదహారు గళ్లను పరిశోధకులు పెద్దగా నమ్మరు. కొన్ని వారాలాగి మళ్లీ పరీక్ష రాస్తే చాలామందికి గడి మారిపోతుంది.

36 ఏళ్లకు మళ్లీ మైదానంలోకి దిగడం అంతర్దృష్టి గల కలలరాయుడి లక్షణమని ఎవరైనా వాదించవచ్చు. నేనొప్పుకోను. అతను కలలు కంటూ కూర్చోలేదు, నెట్స్‌కు వెళ్లాడు.