హైదరాబాదు నుండి జెడ్డాకు దూరమెంత? కాలమెంత?

పంచాయతీ సభ్యులారా,

పట్నమునకు పనిమీద వచ్చిన గ్రామస్థులు ఆబిడ్సు, నాంపల్లి వీధులు చూడక తిరిగిపోవుట అరుదు. నాంపల్లి రైలు స్టేషను 1907లో ఏర్పడినది. ఆ నాంపల్లిలోనే హజ్ హౌసు గలదు. ఏటేటా హజ్ యాత్రికులు అచ్చట చేరి, బస్సులలో శంషాబాదు విమానాశ్రయమునకు పోవుదురు. పూర్వము యాత్రికులు రైలులో బొంబాయి చేరి ఓడమీద జెడ్డాకు పోయెడివారు. ఆ ఓడ ప్రయాణము 1995లో నిలిచినది. దినములలో చెప్పుకొనిన ప్రయాణమును ఇప్పుడు గంటలలో చెప్పుకొనుచున్నాము.

జెడ్డాకు పోవువారు యాత్రికులే కారు. కూలికై, డ్రైవరు పనికై పోవు మన పల్లెల యువకులును గలరు. టిక్కెట్టు చేతికి రాగానే చదివి చెప్పుమని వారు మీయొద్దకే వత్తురు. అందుచేతనే ఈ నాలుగు మాటలు చెప్పదలచితిమి.

హైదరాబాదు నుండి జెడ్డాకు ఆకాశమార్గమున సుమారు 4,100 కిలోమీటర్లు. భూగోళముపై రెండు ఊళ్లకు నడుమనున్న మిక్కిలి దగ్గర దారి కొలత యిది. పెద్ద విమానము గంటకు 850 కిలోమీటర్ల వరకు పోగలదు గనుక 5 గంటలు చాలునని తోచును. కాని పైకి లేచుటకు, దిగుటకు, మార్గపు వంపులకు కొంత కాలము పట్టును. చలికాలమున మీది ఆకాశములో పడమటి గాలి బలముగా వీచి, పోవునపుడు అడ్డగించి వచ్చునపుడు వెనుకనుండి త్రోయును. కావున పోవుటకు సుమారు 6 గంటలు, వచ్చుటకు 5 గంటల పైచిలుకు అగుట కలదు.

చిక్కంతయు గడియారముతోనే. మన దేశకాలమునకు 82½ డిగ్రీల తూర్పు రేఖ ఆధారము. ఆ రేఖ మన కాకినాడ చేరువనే పోవుచున్నది. సౌదీ అరేబియా కాలమునకు 45 డిగ్రీల రేఖ ఆధారము. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున, నడుమనున్న 37½ డిగ్రీలకు 150 నిమిషములు. సూర్యుడు కాకినాడను పలుకరించిన పిమ్మట గాని ఆ వైపు పోడు గదా! ఇక్కడ పగలు 12 గంటలైనపుడు జెడ్డాలో ఉదయము 9-30. టిక్కెట్టుపై ఏ ఊరి వేళ ఆ ఊరి గడియారము ప్రకారమే వ్రాయబడును. ఉదయము 10 గంటలకు ఇచ్చట లేచిన విమానము పగలు 1-30కు అచ్చట దిగునని యుండును. అది మూడున్నర గంటల ప్రయాణము కాదు, ఆరు గంటలది.

ఇక గడప నుండి లెక్కింపుడు. జగిత్యాల నుండి హైదరాబాదుకు బస్సులో 5 గంటలు వేసికొనుడు. 2008 వరకు విమానములు బేగంపేట నుండి లేచెడివి. శంషాబాదు నాంపల్లికి ఇంచుమించు 25 కిలోమీటర్లు గనుక మరియొక గంట. విమానాశ్రయమున 3 గంటలు ముందుండవలెను. అన్నియు కలిపి 15 గంటలు. టిక్కెట్టు చవుకయని దారిలో మరియొక ఊర విమానము మారునట్లు కొన్నచో, అచ్చట కూర్చుండు గంటలు దీనికి అదనము.

అర్ధరాత్రి విమానములకు మరింత జాగ్రత్త కావలెను. "15వ తేదీ 00-30" అని యున్నచో, 15వ తేదీ రాత్రి పోవలెనని పలువురు భ్రమపడుదురు. అప్పుచేసి కొన్న టిక్కెట్టు ఇట్లు వ్యర్థమైనవారి గోడు మేము వినియున్నాము. 00-30 అనగా 14వ తేదీ అర్ధరాత్రి దాటిన అరగంట. జగిత్యాల వాడు 14వ తేదీ మధ్యాహ్నము భోజనము చేసి ఇల్లు కదలవలెను.