మంచు హాకీలో నేర్పు, ఓర్పు

హాకీ యనగానే మనకు పచ్చిక మైదానమును, వంపు తిరిగిన కర్రయు, ధ్యాన్‌చంద్ పేరును స్ఫురించును. కెనడా దేశమున హాకీ యనిన మంచు హాకీయే. మన హాకీకి వారు మైదానపు హాకీ యని వేరుగా పేరు పెట్టుకొనిరి. ఆ మంచు హాకీని మొదటిసారి చూచువానికి రెండు భావములు ఒక్కసారిగా కలుగును. మనుష్యులు పక్షులవలె తేలిపోవుచున్నారే యని ఒక అబ్బురము. అంతలోనే ఒకడు మరియొకనిని గోడకేసి కొట్టగా, ఇది ఆటయా, కొట్లాటయా అని ఒక సందేహము. ఈ రెండింటిని ఒక్క జట్టులో ఏ పాళ్లలో కలుపవలెనను ప్రశ్న అక్కడి వృత్తి జట్ల యజమానులను, శిక్షకులను తరతరములుగా వేధించుచున్నది. దానిని గూర్చియే నేడు మనము ముచ్చటించుకొందము.

ముందుగా ఆటస్థలమును ఊహించుకొనవలెను. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు గల మంచుపలక. దాని చుట్టును మనిషి రొమ్ముకు కొంచెము దిగువ వరకు వచ్చు గోడ, ఆపైన అద్దము. ఆటగాండ్ర బూట్ల అడుగున ఉక్కు అలుగులుండును. బంతికి బదులు మూడంగుళముల అడ్డుకొలత, అంగుళము మందము గల గట్టి రబ్బరు బిళ్ల. దానిని పక్ అందురు. బరువు సుమారు 170 గ్రాములే గాని, బలవంతుడు కొట్టినచో అది గంటకు 160 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవును. ఒక్కసారికి ఒక్కొక్క పక్షమున ఐదుగురు ఆటగాండ్రు, ఒక గోలురక్షకుడు. ఒక్కొక్కడు ముప్పావు నిమిషముపాటు ప్రాణము పెట్టి ఆడి, బల్లమీదికి పోయి ఆయాసము తీర్చుకొనును, వేరొకడు దిగును. పోటీనాడు జట్టున 18 మంది ఆటగాండ్రును, ఇద్దరు గోలురక్షకులును ఉందురు.

పక్ కలవానిని భుజముతోనో, తుంటితోనో ఢీకొట్టుట ఈ ఆటలో నేరము కాదు. అది నియమములు ఒప్పుకొన్న పనియే. ఇక్కడనే మన ప్రశ్నకు మూలమున్నది. పక్ గోడ మూలకు జారిపోయినదనుకొందము. దానిని ముందుగా అందుకొనువాడు, వెనుకనుండి వచ్చువాని దెబ్బ తినుట నిశ్చయము. ఎంత నేర్పరియైనను ఆ క్షణమున అర అడుగు వెనుకాడెనా, పక్ ఎదుటివారి పాలగును. మన చెడుగుడులో కూతకు పోయినవాని చాకచక్యము ఒక ఎత్తు, పట్టు విడువక మోకాలికి చుట్టుకొన్నవాని తెగువ ఒక ఎత్తు గదా. ఇక్కడ మాత్రము ఆ రెండును ఒకే మనిషియందు, ఒకే క్షణమున కావలసివచ్చును.

ఇట్టి తెగువను కొందరు పిడికిలి బలమని పొరబడిరి. ఆ పొరపాటుకు పేరుమోసిన ఉదాహరణము ఫిలడెల్ఫియా ఫ్లయర్సు జట్టు. 1974లోను, 1975లోను వీరు వరుసగా స్టాన్లీ కప్పును గెలిచిరి. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగునకు అదియే పరమ బహుమానము. ఫ్లయర్సు అడుగు పెట్టిన ఊరెల్ల జంకెడిది. వారిలో డేవ్ షుల్ట్జ్ అను నతడు 1974–75 ఆటకాలములో 472 శిక్షా నిమిషములు సంపాదించెను. అనగా తప్పు చేసినందుకు బయట కూర్చుండిన కాలము ఇంచుమించు ఎనిమిది గంటలు! ఆ లెక్కను నేటివరకు ఎవ్వరును మించలేదు. దీనిని చూచి తక్కిన జట్లవారు, ఓహో, కప్పు గెలుచుటకు కొట్టువారు కావలెను కాబోలునని అట్టివారిని వెదకి తెచ్చుకొనసాగిరి.

కాని ఆ జట్టును నిదానముగా పరిశీలించినచో వేరొక సంగతి కనబడును. ఆ రెండేండ్లును కప్పు పోటీలలో ఉత్తమ క్రీడాకారుడుగా బహుమానమందినవాడు పిడికిలివాడు కాడు. గోలురక్షకుడైన బెర్నీ పరాంట్. 1974 తుది పోరాటము ఆరవ పోటీలో బోస్టన్ జట్టుపై ఫ్లయర్సు ఒకే ఒక గోలుతో గెలిచిరి. బోస్టన్ వారు కొట్టిన ప్రతి పక్‌ను ఆపినవాడు పరాంటే. ఇక నాయకుడు బాబీ క్లార్క్. చిన్ననాటినుండి మధుమేహముతో బాధపడుచు, సూదిమందుపై జీవించుచు, ఎదుటివానికి ఒక్క క్షణమైన విశ్రాంతి నీయని మనిషి. 1974–75లో తన తోటివారిచే గోళ్లు వేయించుటకు 89 మారులు సాయపడెను. మూడు పర్యాయములు లీగు మొత్తములో అత్యంత విలువగల ఆటగాడని పేరు పొందెను. 1972లో సోవియట్ వీరుడు ఖర్లామోవ్ చీలమండపై ఇతడు కర్రతో కొట్టిన దెబ్బను మాత్రము మేము సమర్థింపజాలము. అది తెగువ కాదు. అయినను క్లార్క్, పరాంట్ లేని ఫ్లయర్సు వట్టి అల్లరిమూకయే అయియుండెడిది.

దీనికి మరుసటి యేడే రుజువు దొరకెను. 1976 తుది పోరాటములో మాంట్రియల్ కెనేడియన్సు ఫ్లయర్సును వరుసగా నాలుగు పోటీలలో ఓడించిరి. నేర్పు కండబలమును జయించినదని నాడు పలువురు సంతోషించిరి. పరాంట్ ఆ యేట గాయముల వలన సరిగా ఆడలేకపోయెనను మాటను కూడ మరువరాదు. మాంట్రియల్ వారి యాట సొగసైనదే. గీ లాఫ్లర్ జుట్టు గాలికెగురుచుండగా మంచుపై దూసుకొనిపోవు దృశ్యమును చూచినవారు మరువలేరు. కాని అదే జట్టున లారీ రాబిన్సన్ ఉండెను. ఆరడుగులకు పైబడిన ఆ రక్షకుడు ఫ్లయర్సు ఆటగాడు గ్యారీ డోర్న్‌హోఫర్‌ను న్యాయముగనే ఢీకొట్టగా గోడ పలక లోనికి నొక్కుకొనిపోయెను. దానిని సరిచేయు వరకు ఆట నిలిపివేయవలసి వచ్చెను. పిడికిలి ఎత్తలేదు, నియమము దాటలేదు. బాబ్ గేనీ యని మరియొకడు. ఎదుటి పక్షపు గొప్పవానిని నీడవలె వెంబడించి, వానికి పక్ దక్కనీయకుండ చేయుటయే అతని పని. ఇట్టి పనిని గౌరవించుటకే 1977లో లీగువారు ఒక ప్రత్యేక బహుమానము నెలకొల్పగా, దానిని మొదట నాలుగేండ్లు వరుసగా అందుకొన్నవాడు గేనీయే. కావున మాంట్రియల్ విజయము సుకుమారుల విజయము కాదు.

ఈ విషయమున మాకు అన్నిటికంటె విలువైనదిగా తోచు ఘట్టము 1983 నాటిది. ఆ యేట న్యూయార్క్ ఐలాండర్సు అను జట్టు అంతకుముందే మూడు కప్పులు వరుసగా గెలిచి, నాలుగవదానికి నిలిచెను. ఎదుట కెనడాలోని ఎడ్మంటన్ ఆయిలర్సు. పడుచువాండ్రు. వారిలో వేన్ గ్రెట్జ్‌కీకి 22 ఏండ్లు. అంతకు ముందటేడే అతడొక్క ఆటకాలములో 92 గోళ్లు వేసియుండెను. లీగు చరిత్రలో అట్టి వాడు పుట్టలేదని అందరును చెప్పుకొనుచుండిరి. అయినను తుది పోరాటమున ఆయిలర్సు నాలుగు పోటీలును ఓడిరి. నాలుగింటిలోను కలిపి వారు వేసినవి ఆరు గోళ్లే.

ఆనాటి రాత్రి సంగతిని గ్రెట్జ్‌కీ తరువాత చాలమారులు చెప్పుకొనెను. ఓటమి పిమ్మట అతడును, సహచరుడు కెవిన్ లోయును బయటికి పోవు దారిలో ఐలాండర్సు గది ముందునుండి నడువవలసి వచ్చెను. లోపల కేకలు, కేరింతలు, తాగుడు, సంబరము ఉండునని వారు తలవంచుకొని బయలుదేరిరి. తీరా చూడగా గెలిచినవారు మోకాళ్లకు, భుజములకు మంచుగడ్డల సంచులు కట్టుకొని కూర్చుండియుండిరి. ఒకనికి ముఖము కమిలియున్నది. మరియొకనికి కాలు వాచియున్నది. ఓడిన తమ యొంటిమీద మాత్రము చెప్పుకోదగిన గాయము లేదు. గెలుచుట యనగా ఏమో ఆ క్షణమున తమకు బోధపడినదని గ్రెట్జ్‌కీ చెప్పెను.

ఆ గదిలోనివారు కొట్లాడి గాయపడినవారు కారు. ఎదురుగా వచ్చు పక్‌కు తమ కాలు అడ్డుపెట్టినవారు, గోడ మూలకు వెనుకాడక పోయినవారు, గోలు ముందు నిలుచుండి వెన్నున కర్ర దెబ్బలు తినుచును కదలనివారు. మన భాషలో దీనికి ఓర్పు అను మాట చాలును. కొట్టగల శక్తి వేరు. కొట్టించుకొనియు పని విడువని శక్తి వేరు.

మరుసటి యేట, 1984లో, అవే రెండు జట్లు తిరిగి తలపడెను. మొదటి పోటీ ఐలాండర్సు ఊరిలో. ఆయిలర్సు 1–0తో గెలిచిరి. ఆ ఒక్క గోలు గ్రెట్జ్‌కీ వేసినది కాదు. ఆ ఆటకాలము నడుమ పిట్స్‌బర్గ్ జట్టునుండి తెచ్చుకొన్న కెవిన్ మెక్లెలండ్ అను మోటు పనివాడు వేసినది. చివరకు నాలుగు పోటీలు గెలిచి, ఒక్కటి ఓడి ఆయిలర్సు తమ మొదటి కప్పును ఎత్తిరి. ఉత్తముడన్న బహుమానము మార్క్ మెస్సియరుకు దక్కెను. వేగము, నేర్పు, ఎదుటివానిని ఢీకొనుటలో కాఠిన్యము, ఈ మూడును ఒక్కచోట పోతపోసినట్టి ఆటగాడతడు.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక చీకటి కోణమును దాటవేసితిమి. గ్రెట్జ్‌కీ వంటి సన్ననివానిని ఎదుటివారు నలుగగొట్టకుండ కాపాడుటకు జట్టులో ఒక కాపరి ఉండెడివాడు. మొదట డేవ్ సెమెంకో, పిమ్మట మార్టీ మెక్‌సోర్లీ. 1988లో గ్రెట్జ్‌కీని లాస్ ఏంజిల్సు జట్టుకు ఇచ్చివేసినపుడు మెక్‌సోర్లీ కూడ అతనితో వెళ్లెను. రాజు వెడలగా అంగరక్షకుడును వెడలినట్లు! గ్రెట్జ్‌కీ ఆటకు ఆ కాపలా వలన మేలు జరిగియుండవచ్చును. కాని ఆ ఏర్పాటు కాలక్రమమున ఒక వృత్తిగా మారెను. ఆడుటకు గాక, కొట్టుకొనుటకే జీతమిచ్చి కొందరిని పెట్టుకొనసాగిరి.

అట్టివారిలో డెరెక్ బూగార్డ్ ఒకడు. ఆరడుగుల ఏడంగుళముల మనిషి. లీగులో 277 పోటీలు ఆడి మూడే గోళ్లు వేసెను. చేతులు, వీపు, తల, అన్నియు దెబ్బలే. నొప్పి మాత్రలును మద్యమును కలిసి 2011లో, 28వ యేట, అతని ప్రాణము తీసెను. పిదప బోస్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు అతని మెదడును పరీక్షించి, తలకు మాటిమాటికి తగిలిన దెబ్బలతో ముడిపడిన క్షీణరోగము ఉన్నదని తేల్చిరి. 28 ఏండ్ల మెదడున! ఆ కుర్రవానిని చూచి కేరింతలు కొట్టినవారిలో ఎందరు ఆ వార్త చదివి సిగ్గుపడిరో. జట్టునకు కాఠిన్యము కావలెనని మేమును ఒప్పుకొందుము గాని, దాని పేర ఒక మనిషిని కూలికి కొట్లాడించుట కాఠిన్యము కాదు. అది పొదుపు లెక్క. ఆ పొదుపు ఎవని తలపై పడెనో చూచితిమి.

1992లో కొట్లాట మొదలుపెట్టినవానికి అదనపు శిక్షను విధించిరి. 2005లో నియమములను మార్చి, పక్ లేనివానిని పట్టి ఆపుటను గట్టిగా శిక్షింపసాగిరి. ఆట వేగము పెరిగెను. అదే సంవత్సరము ప్రతి జట్టు జీతములకును ఒక గరిష్ఠ పరిమితి ఏర్పడెను. దానితో కొట్టుట తప్ప ఏమియు రానివానికి బల్లపై చోటు కరవయ్యెను. యజమాని కొనగలిగిన ప్రతి మనిషియు ఆడగలవాడే కావలెను. ఓర్పును, నేర్పును వేరువేరు మనుష్యులలో కొని కలుపుట ఇక సాగదు.

ఈ లెక్క ఎంత కష్టమైనదో ఫ్లారిడా పాంథర్సు కథ చెప్పును. 2021–22లో లీగు మొత్తములో అత్యధికముగా గోళ్లు వేసిన జట్టు వారిదే. పట్టికలో ప్రథమ స్థానమును వారిదే. కాని కప్పు పోటీల రెండవ అంచెలో టాంపా బే జట్టు వారిని వరుసగా నాలుగు పోటీలలో ఓడించెను. ఆ నాలుగింటిలో పాంథర్సు వేసినవి మూడు గోళ్లే! అప్పుడు జట్టు నిర్వాహకుడు బిల్ జీటో వెరపు పుట్టించు బేరమొకటి చేసెను. ఆ యేడు 115 పాయింట్లు సాధించిన జోనథన్ హ్యూబర్డోను, మరియొక మంచి రక్షకుడైన మెకెంజీ వీగర్‌ను, ఇంక కొంత చేర్చి కాల్గరీ జట్టుకు ఇచ్చి, మాథ్యూ కచక్‌ను తెచ్చుకొనెను. కచక్ కూడ నూటికి పైగా పాయింట్లు సాధించినవాడే. కాని గోలు ముందు పాతుకొనిపోయి, ఎదుటివానిని చికాకుపెట్టి, దెబ్బ తినియు నవ్వెడివాడు. నిర్వాహకుడు నేర్పును వదలుకొనలేదు. ఓర్పు గల నేర్పును వెదకెను.

2023లో పాంథర్సు తుది పోరాటము చేరి, వేగస్ జట్టు చేత ఓడిరి. అందు మూడవ పోటీలో కచక్ రొమ్మెముక విరిగెను. అట్లే నాలుగవ పోటీ ఆడెను. ఇట్టి సాహసమును మెచ్చుకొనవలెనో, వారింపవలెనో మాకు నేటికిని తేలలేదు. 2024లోను, 2025లోను పాంథర్సే కప్పు గెలిచిరి. రెండుసార్లును ఎదుటివారు ఎడ్మంటన్ వారే. గ్రెట్జ్‌కీ ఊరు. ఇప్పుడు అక్కడ కానర్ మెక్‌డేవిడ్ అను వేగశాలి ఉండెను. 2024 తుది పోరాటము ఏడవ పోటీ వరకు సాగి, ఒక్క గోలు తేడాతో ముగిసెను. కప్పు పోటీలన్నిటిలో ఉత్తమ క్రీడాకారుడని ఓడిన జట్టులోని మెక్‌డేవిడ్ పేరునే ప్రకటించిరి; అట్లు జరుగుట మిక్కిలి అరుదు. పేరు పిలిచిరి. అతడు గదినుండి బయటకు రాలేదు. మంచుపై ఫ్లారిడా వారు తమ కప్పు కొరకు వేచియుండగా, ఆ బహుమానము అందుకొనువాడు లేక బల్లపైననే ఉండిపోయెను.