బొగ్గుకడ్డీతో భుజము



ఉగాది సభలో పద్యాలు చదువుతారు, పంచాంగము వింటారు. రైల్వే గుమాస్తాలమైన మమ్ములను పిలిచి బొమ్మల సంగతి చెప్పమన్నారు! మేము చిత్రకారులము కాము. ఆదివారము తిరువళ్ళూరులో ఒక ఇంటి అరుగుమీద కూర్చుని చేతులు నల్లగా చేసుకొనే నలుగురము, అంతే. మెట్రిక్యులేషను దాటినవారము కాము.

చెన్నపట్నము సెంట్రల్ దగ్గర పాతపుస్తకాల అంగడిలో మాకొక అచ్చుబొమ్మ దొరికినది. మైకెలాంజెలో 1510-11 ప్రాంతమున ఎర్రసుద్దతో గీసినది. వాటికనులోని సిస్టైన్ మందిరపు కప్పుమీద లిబియా దేశపు సోదెమ్మను వ్రాయబోయేముందు, ఒక యువకుని కూర్చోబెట్టి చేసుకొన్న అభ్యాసము. మూలము 1924 నుండి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో ఉన్నది. వీపు మనవైపు, చేతులు రెండూ పైకి. ఆ కాగితము మూలల్లో ముఖము మరొకసారి, కాలి బొటనవ్రేలు మరల మరల గీసియున్నవి. అంతటివాడు బొటనవ్రేలికి ఇన్నిసార్లు తడుముకొన్నాడని చూచి మాకు ధైర్యము వచ్చినది.

సుద్దకు బదులు బొగ్గు తీసుకొన్నాము. తప్పు పోతే బొటనవ్రేలితో తుడవవచ్చును, రొట్టెముక్కతో అద్దవచ్చును. గడులు కొట్టి గీతకు గీత దించినాము. తీరా చూస్తే వీపు కాదు, గంపలో చామదుంపలు! ఏ గుబ్బ ఎందుకు లేచినదో తెలియకుండా గీసిన ఫలము.

అప్పుడు మాలో ఒకరు చొక్కా విప్పి చేయి ఎత్తినారు, తక్కినవారము వీపుమీద అరచేయి ఆనించినాము. రెక్క ఎముక చేతిక్రింద జారి తిరుగుతున్నది. చేయి నిటారుగా 180 డిగ్రీలు లేస్తే అందులో 60 డిగ్రీల వరకు ఆ ఎముక తిరుగుడువల్లనేనట, మిగిలినదే కీలుది. ఆ తరువాత ముందు ఎముక, దానిమీద కండ గీసినాము. చామదుంపలు తగ్గినవి. చెన్నపట్నపు చిత్రకళా పాఠశాలను 1850లో స్థాపించిన అలెగ్జాండర్ హంటరుగారు వైద్యుడే కావడము వింతగా తోచలేదు.

అచ్చుబొమ్మ చాలునా, మనిషిని చూడవద్దా అని, అరక్కోణము మీదుగా తిరుత్తణి పోయినాము. 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిదైన ఆ ఊరిలో మాలో ఒకరి తండ్రిగారున్నారు. బియ్యపు మండీలో మూటలు మోసినవారు. ఆడికృత్తికకు కావడితో 365 మెట్లు ఎక్కినవారు. పంచెతో వీపు చూపి కూర్చున్నారు. గంటసేపు గీసి, గర్వముతో చూపినాము.

"ఇది నా బుజం గాదు నాయనా," అన్నారు. "నా ఎడమది దిగి ఉండాదే, అగపళ్ళేదా?"

నిజమే! వయసులో మూట పడి కాలరు ఎముక విరిగి, వంకరగా అతికినదట. భుజము రెండు వ్రేళ్ళు దిగి, రెక్క ఎముక వెలికి పొడుచుకొని ఉన్నది. మేము రెండు భుజాలూ ఆ యువకుని భుజాలవలెనే సమముగా పెట్టినాము. కన్న కొడుక్కే ఆ సంగతి తెలియదు. ముప్పది యేండ్లు ఆ వీపు వెనుకనే తిరిగినవాడు, తలవంచుకొని బొగ్గు నలుపుకొన్నాడు.

"ఆ దొర మోసినాడా మూటలు?" అని ముసలాయన నవ్వినారు.

రొట్టెముక్క తీసుకొని ఎడమ సగమంతా అద్ది చెరిపినాము. ఈసారి కొడుకే గీసినాడు. ముందు లేచి వెళ్ళి, ఆ అతుకుమీద వ్రేలు పెట్టి తడిమి, వచ్చి గీసినాడు. చీకటి పడువరకు పట్టినది. ఆఖరు బండి తప్పేటట్టున్నదని మేము గడియారము చూస్తూనే ఉన్నాము.

పెద్దాయన కాగితము వెలుతురుకు తిప్పి చూచినారు. ఏమీ అనలేదు. ఈ సభలో చూపుదామని ఆ బొమ్మను మొన్న అడిగితే, ఇవ్వలేదు.