ఇరువది అంకెల సంఖ్య



తెలుగులో గణితము చదివిన పిల్లలు వెనుకబడుదురేమో అను శంక కోలారు జిల్లా తల్లిదండ్రులకు క్రొత్తది కాదు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన పిదప, ఏ చదువు బ్రతుకుతెరువు చూపునను ప్రశ్న మరింత బరువెక్కెను. ఆ శంకకు ఒక సంఖ్య కొంత సమాధానము చెప్పగలదు.

9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసార సంగ్రహమును రచించెను. కన్నడ దేశమున వెలసిన ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. మల్లన పేర ప్రసిద్ధమైన ఒక పద్యము చదరంగపు 64 గడుల లెక్కను తెలుపును. మొదటి గడికి ఒకటి, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇట్లు రెట్టించుచు పోగా మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. పద్యమున అంకెలకు మారుగా పదములుండును. శరములనిన 5, చంద్రుడనిన 1, వేదములనిన 4, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానమున మొదలిడి ఎడమకు వ్రాసికొనవలయును. పద్యము నోటికి వచ్చినచో ఇరువది అంకెలును చెదరవు.

ఈ మొత్తమునకు 63 కూడికలు అక్కరలేదు. 1, 2, 4 కలిపిన 7; అది తరువాతి గడిలోని 8 కంటె ఒకటి తక్కువ. ప్రతి గడికడను ఇదియే నియమము. కావున 2ను ఆరుమారులు వర్గము చేసి, ఒకటి తీసివేసిన చాలును: 4, 16, 256, 65,536, 429,49,67,296, దీని వర్గములో ఒకటి తగ్గింపగా పై సంఖ్య వచ్చును.

అంకెల మొత్తము 87 గనుక ఇది 3చే భాగింపబడును, 9చే భాగింపబడదు. వర్గముల భేదమును గూర్చి బడిలో నేర్చిన సూత్రముచే దీనిని విడదీసిన 3, 5, 17, 257, 65,537, 429,49,67,297 అను కారణాంకములు వచ్చును. కడపటిది ప్రధాన సంఖ్యయని ఫెర్మా తలచెను. అది 641, 67,00,417ల లబ్ధమని 1732లో ఆయిలరు నిరూపించెను. పద్యములోని సంఖ్య యూరపు గణితజ్ఞుల చర్చలోనికి నేరుగా కొనిపోవుచున్నది.

కిలోకు 50,000 బియ్యపు గింజలనుకొన్నచో, ఈ సంఖ్య 36,000 కోట్ల టన్నులను మించును. అదే సంఖ్య బంగారు పరమాణువులకు వర్తించినచో తూకము 6 మిల్లీగ్రాములు మాత్రమే. టన్ను రాతికి 3 గ్రాముల బంగారమున్నదనుకొన్నచో, రెండు కిలోల రాతిలో అంత బంగారముండును. గనిలో రాయి మోసిన కార్మికుని తట్టలో ఇట్టి సంఖ్యలు ఎన్నియో కదలినవి.

ఇంగ్లీషు, కన్నడము నేర్వవలసినవే; అందు సందేహము లేదు. అయినను సంఖ్య ఏ భాషకును లొంగియుండదు. అర్థమైన లెక్క పిల్లవాడు పోయిన చోటికెల్ల వెంట పోవును. అర్థమగుటకు ఇంటిభాష దగ్గరి దారి. ఆ దారిని తెరచియుంచుటయే ఇట్టి పాఠశాలల పని.