వేపాకు – 72 గంటలు

నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. మందుల సంగతి నీకెందుకయ్యా అంటారా? మా ఇంట్లో జరిగిన పొరపాటు మీ ఇళ్లలో జరగకూడదని.

కొన్నేళ్ల క్రితం చలికాలంలో మా నాన్నగారు రాజమండ్రి నుంచి మస్కట్ వచ్చారు. ఒకరోజు నుదుటి మీద ఎడమవైపు మంటగా ఉందన్నారు. మర్నాటికి ఎర్రగా నీటిపొక్కులు లేచాయి. అమ్మ చూడగానే "సర్పిరా ఇది, దీనికి ఆకుమందే" అంది. ఊరి నుంచి పిన్ని ఫోన్లో వేపాకూ పసుపూ నూరి పట్టించమంది. మస్కట్‌లో వేపచెట్లకు కరువా! వీధి చివరి చెట్టు నుంచి నేనే రెమ్మలు తెచ్చాను. చల్లగా ఉందన్నారు నాన్నగారు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఊరుకున్నాం. మూడో రోజుకి పొక్కులు ముక్కు కొసదాకా దిగాయి, కన్ను తెరుచుకోలేదు.

డాక్టరుగారు వేపాకు పెట్టినందుకు కాదు, ఆగినందుకు కోప్పడ్డారు. ముక్కు కొసన పొక్కు వస్తే కంటికీ ముప్పు ఉండొచ్చట. వెంటనే ఎసైక్లోవిర్ మొదలుపెట్టి కంటి డాక్టరు దగ్గరికి పంపారు. కన్ను దక్కింది. నుదుటి పోటు మాత్రం ఏడాది పాటు వదల్లేదు. అర్ధరాత్రి ఆయన లేచి కూర్చుంటే నాకు ఆ రెండు రోజులే గుర్తొచ్చేవి.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ చనిపోదు, నరాల మూలంలో నిద్రపోతుంది. వయసు మళ్లి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేచి, ఆ నరం వెంట పొక్కులుగా వస్తుంది. అదే సర్పి. అందుకే సాధారణంగా ఒంటికి ఒక పక్కనే వస్తుంది. పాము తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందన్న భయానికి ఆధారం లేదు. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే ఎక్కువ ఫలితం. ఆ గడువు దాటినా, కంటి దగ్గరైతే తప్పక చూపించుకోవాలి.

మూలికలను నేను తీసిపారేయను. గ్రీన్ టీ ఆకుల సారంతో చేసిన లేపనాన్ని ఒక రకం పులిపిర్లకు మందుగా అమెరికా ఎఫ్.డి.ఏ. 2006లో ఆమోదించింది. వేప సారం కొన్ని వైరస్‌లను అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో చూశారు. కానీ ప్రయోగశాల వేరు, నాన్నగారి నుదురు వేరు. ఇక్కడి వాదీల్లో పెరిగే జిల్లేడు పాలు పులిపిర్లకు రాసేవాళ్లున్నారు. అవి కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది.

క్యాంపుల్లో ఒకే గదిలో సర్దుకుని ఉండే మన తమ్ముళ్లకు ఒక మాట. పెద్దవాళ్లకు ఆటలమ్మ వస్తే ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. జీతం కోస్తారని దాచకండి. వేపరెమ్మ తలగడ పక్కన పెట్టుకోండి, కానీ మొదటి రోజే డాక్టరుకి చూపించుకోండి.

50 దాటినవారికి సర్పి రాకుండా టీకా ఉంది. ఈ చలికాలం అమ్మానాన్నలను పిలిపించుకునేవారు టికెట్టుతో పాటు దాని గురించీ అడగండి. మా నాన్నగారికి ఆ మాట ముందు చెప్పలేకపోయాను, మీకు చెప్పగలిగాను. సెలవు.